మిషన్ ఆపాక మొదలయ్యే పని

ఛాతీలో కఫం కరగాలని ఇంటింటికీ నెబులైజర్ కొంటున్నారు. అందులో ఏం పోయాలి, ఎలా పీల్చాలి, పీల్చాక ఏం చేయాలి అన్నవి మాత్రం పెట్టెతో పాటు రావడం లేదు.

ఒకప్పుడు పెద్దవాళ్లున్న ఇంట్లో థర్మామీటర్ ఒక్కటే ఉండేది. తరవాత బీపీ మిషన్ చేరింది, షుగర్ మిషన్ చేరింది. కరోనా రోజుల్లో వేలికి తగిలించే ఆక్సీమీటరు వచ్చింది. ఇప్పుడు అదే అలమరలో తెల్లటి బుల్లి పెట్టె ఒకటి కనిపిస్తోంది. దానికో సన్నటి గొట్టం, గొట్టం చివర చిన్న కప్పు, కప్పు మీద మూతికి తగిలించుకునే మాస్కు. మామూలు రకమైతే రెండు వేల రూపాయలు అటూ ఇటూగా దొరుకుతుంది. ఆసుపత్రిలో నాలుగు రోజులుండి ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు చీటీలో ఒక్క ముక్క రాస్తారు. కింద మందుల షాపులో పెట్టె చేతికిచ్చి, ప్లగ్గు పెట్టి స్విచ్చు వేస్తే ఎలా పొగ వస్తుందో చూపిస్తారు. శిక్షణ అంతటితో సరి.

ఆ పొగే అసలు వైద్యం అనుకోవడం దగ్గర చాలా ఇళ్లలో కథ అడ్డం తిరుగుతుంది.

పెట్టెలో ఉన్నది గాలి కొట్టే కంప్రెసర్ మాత్రమే. అది గదిలోని గాలినే లాక్కుని గొట్టం గుండా కప్పులోకి తోస్తుంది. కప్పు అడుగున సన్నటి రంధ్రం దగ్గర ఆ గాలి ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది కాబట్టి పక్కనున్న మందు పైకి లాగబడి, గాలి దెబ్బకు తుంపరగా చిట్లుతుంది. లోపలున్న చిన్న అడ్డు పెద్ద చుక్కల్ని మళ్లీ అడుక్కి పంపేసి సన్నవాటినే బయటికి వదులుతుంది. ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల చుక్కలైతే ఊపిరితిత్తుల లోపలి గొట్టాల దాకా వెళ్తాయి. అంతకన్నా పెద్దవి గొంతులోనే ఆగిపోతాయి. మందుని తుంపర చేసి పీల్పించాలన్న ఆలోచన పాతదే, 1858లోనే ఫ్రాన్సులో సాల్స్ జిరోన్ అనే వైద్యుడు చేతి పంపుతో పనిచేసే పరికరం తయారుచేశాడు. ఇప్పుడు జల్లెడ లాంటి పలచటి రేకుని కంపింపజేసి తుంపర పుట్టించే మెష్ రకాలూ వచ్చాయి. చప్పుడు చేయవు, బ్యాటరీతో నడుస్తాయి, జేబులో పడతాయి. ధర ఎక్కువ. చిక్కటి మందులకి ఆ రేకు పూడుకుపోతుంది కూడా. రోజూ వాడే వాళ్లకి బరబరమనే పాత పెట్టే మొండిగా నిలబడుతుందని నా అభిప్రాయం.

సరే, కప్పులో పోసేదేమిటి? పెట్టెకన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. ‘నెబులైజేషన్ పెట్టించుకున్నాం’ అంటారే గానీ, లోపలికి పోయింది ఏ మందో అడిగితే పదిమందిలో చాలామంది తెల్లమొహం వేస్తారు. ఒకటి, బిగుసుకున్న గాలిగొట్టాలని వదులు చేసే మందు. సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం ఈ కోవలోవి. అస్తాలిన్, డ్యుయోలిన్ అని షాపుల్లో అడిగేవి ఇవే. రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్, బుడెసొనైడ్. ఈ రెండు రకాల్లో ఏదీ కఫాన్ని నేరుగా కరిగించదు. మొదటిది దారి వెడల్పు చేస్తుంది, రెండోది గోడల వాపు దించుతుంది. మూడోది ఉప్పునీళ్లు. ఈ మూడింటిలో కఫంతో నేరుగా తలపడేది ఇదొక్కటే. మందుల షాపులో అన్నిటికన్నా చవకగా దొరికేదీ ఇదే.

మన రక్తంలో ఉన్నంత ఉప్పే ఉన్న సెలైన్ 0.9 శాతం. అది గొట్టాలని తడుపుతుంది, అంతవరకే. 3 శాతం, 7 శాతం సెలైన్ల తీరు వేరు. ఊపిరి గొట్టాల లోపలి గోడ మీద పలచటి నీటి పొర ఉంటుంది. ఆ నీటిలో సన్నటి నూగు లాంటి సీలియా సెకనుకి పది పన్నెండు సార్లు ఊగుతూ దుమ్మునీ సూక్ష్మజీవులనీ కఫంతో సహా గొంతు వైపు నెడుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజంతా ఇలా పైకొచ్చింది తెలియకుండానే మింగేస్తుంటారు. జబ్బు చేసినప్పుడు కఫంలో నీరు తగ్గి చిక్కబడుతుంది, నూగు దాన్ని కదపలేదు. ఎక్కువ ఉప్పున్న తుంపర ఆ గోడ మీద పడితే చుట్టూ కణజాలంలోని నీరు ఉప్పు వైపుకి ఊరి వస్తుంది. కఫం పలచబడి కదులుతుంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లల్లో, సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లకి ఊపిరితిత్తులు మెరుగ్గా ఉంటున్నాయని ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. ఆ దేశంలోనే 164 మంది రోగుల మీద 48 వారాల పాటు 7 శాతం సెలైన్‌ని పరీక్షించి 2006లో ఫలితాలు వెల్లడించారు. జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. అక్కడి నుంచి ఈ ఉప్పునీళ్ల వైద్యం మిగతా ఊపిరి జబ్బులకీ పాకింది.

అయితే అన్నిచోట్లా అంతే ఫలితం రాలేదు. గొట్టాలు శాశ్వతంగా సాగిపోయి, వాటిలో కఫం నిలవ ఉండిపోయే బ్రాంకియెక్టాసిస్ జబ్బులో ఇలాంటి ఉప్పునీటినే బ్రిటన్‌లో ఏడాది పాటు పరీక్షించారు. ఆ ఫలితాలు 2025లో వచ్చాయి. జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కళ్లె సులువుగా వస్తోంది, ఛాతీ తేలికపడింది అని చెప్పే రోగులు ఉంటారు. వాళ్ల మాట కొట్టేయక్కర్లేదు. కానీ అందరికీ రాసేయాల్సిన మందు కాదని తేలింది. డాక్టరు కొన్నాళ్లు వాడి చూద్దామని, ఉపయోగం లేకపోతే ఆపేద్దామని అంటే ఆ డాక్టరుకి విషయం తెలుసని అర్థం.

ఈ బ్రాంకియెక్టాసిస్ మనకి దగ్గరి చుట్టం. ఇందులో మన దేశపు రోగుల వివరాలు సేకరించిన పెద్ద నమోదు ఒకటి 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. 2,195 మందిలో మూడోవంతు కన్నా ఎక్కువమందికి కారణం ఎప్పుడో వచ్చిపోయిన టీబీ. క్షయ మందులు పూర్తిగా వాడారు, జబ్బు నయమైంది, కార్డు మీద ముద్ర వేసి పంపించారు. ఊపిరితిత్తిలో మిగిలిన మచ్చ, సాగిన గొట్టం అక్కడే ఉండిపోయాయి. ఇరవయ్యేళ్ల తరవాత ప్రతి చలికాలం గిన్నెడు పచ్చటి కళ్లె. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీలోనో, విశాఖ ఛాతీ ఆసుపత్రి వరండాలోనో ఒక పూట కూర్చుంటే ఈ కథ మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. దానికి తోడు కట్టెల పొయ్యి దగ్గర నలభై ఏళ్లు ఊదిన అమ్మలున్నారు, బీడీ, చుట్ట వదలని తాతలున్నారు, రైస్ మిల్లులో తవుడు పీల్చినవాళ్లు, మిర్చి యార్డులో బస్తాలు మోసినవాళ్లు ఉన్నారు. ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరే జనాన్ని చూసినా ఊపిరాడనివాళ్లు ఎందరున్నారో తెలుస్తుంది.

మా మేనత్త ఒకరు ఈ మచ్చ ఉన్నవాళ్లలోనే. తెనాలి పక్క పల్లె. చిన్న వయసులో టీబీ, ఇప్పుడు డెబ్భైకి దగ్గరపడ్డాక ఇంట్లోకి నెబులైజర్. మా బావ పెట్టె తెచ్చి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి శ్రద్ధగా పెట్టేవాడు. ఆవిడ మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, మాస్కు వదులుగా ముక్కు మీద వేసుకుని, పక్కన టీవీ సీరియల్ వింటూ పీల్చేది. అయిపోగానే దుప్పటి కప్పుకుని నిద్ర. నెల తిరిగినా కళ్లె తగ్గలేదు. ‘ఈ మిషన్ మనకి పడలేదురా’ అని తేల్చేసింది. అప్పుడే ఊళ్లోకి వచ్చిపోతుండే ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి చూసి కూర్చోబెట్టింది. నేనక్కడే ఉన్నాను.

‘‘మిషన్ ఆపాక ఏం చేస్తారమ్మమ్మా?’’

‘‘ఏం చేస్తానే? పడుకుంటా.’’

‘‘దగ్గరా?’’

‘‘దగ్గు తగ్గడానికి కాదుటే మందు పీల్చేది?’’

‘‘ఈ ఉప్పునీళ్ల మందు దగ్గు తెప్పించడానికే అమ్మమ్మా. అది కఫాన్ని వదులు చేసి పెడుతుంది. బయటికి తీయాల్సింది మీరే.’’

ఆ అమ్మాయి చెప్పినది ఇంతే గానీ, ఈ కథనంలో గుర్తుపెట్టుకోవలసిందంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. వదులైన కఫం పడుకుంటే మళ్లీ అడుక్కి జారి చిక్కబడుతుంది. యంత్రం నడిచే పది నిమిషాలు సిద్ధం చేసుకోవడమే, ఆ తరవాతి పావుగంటో ఇరవై నిమిషాలో అసలు వైద్యం. మన ఆసుపత్రుల చీటీల్లో మొదటి దానికి మందు పేరూ మోతాదూ ఉంటాయి. రెండో దానికి ఒక్క గీత కూడా ఉండదు.

పద్ధతి కష్టమైనదేం కాదు. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. భుజాలు వదిలేసి, పొట్ట కదిలేలా కాసేపు మామూలుగా ఊపిరి. తరవాత మూడు నాలుగు లోతైన శ్వాసలు, ప్రతిసారీ లోపల రెండు మూడు సెకన్లు ఆపడం. అలా ఆపినప్పుడు గాలి పక్కదారుల్లోంచి కఫం వెనక్కి చేరుతుంది. మళ్లీ మామూలు ఊపిరి. ఆ పైన హఫ్. కళ్లజోడు అద్దం మీద ఆవిరి పట్టించి తుడవడానికి నోరు తెరిచి ‘హా’ అని ఊదుతాం చూడండి, అదే, కాస్త బలంగా, పొట్ట కండరాలతో. మధ్యస్తంగా గాలి తీసుకుని పొడుగ్గా ఊదితే లోతున ఉన్న కఫం కదులుతుంది. గొంతు దాకా వచ్చిందనిపించాక నిండా గాలి తీసుకుని పొట్టిగా ఒక హఫ్, ఒక దగ్గు. కళ్లె వస్తే ఉమ్మేయాలి. రాకపోతే మళ్లీ మొదటి నుంచి. గుక్కతిప్పుకోకుండా ఖళ్లు ఖళ్లున దగ్గితే గొట్టాలు మూసుకుపోయి కఫం లోపలే చిక్కుకుంటుంది, మనిషికి ఆయాసం మిగులుతుంది. ఊదితే లోపల గోళీ కదిలి గాలిని అదిలించే ఫ్లట్టర్ లాంటి చిన్న పరికరాలూ ఉన్నాయి. ఏ వైపు ఊపిరితిత్తిలో నిలవ ఉందో బట్టి ఏ పక్కకి ఒత్తిగిలి పడుకోవాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. వీపు మీద దోసిలితో తట్టించడం కొందరికి పనికొస్తుంది. ఎముకలు బలహీనంగా ఉన్న ముసలివాళ్లకి అడగకుండా తట్టకూడదు.

మందులు ఒకటికన్నా ఎక్కువ రాసినప్పుడు వరస కూడా ముఖ్యమే. ముందు గొట్టాలు వదులు చేసే మందు. కాసేపాగి ఉప్పునీళ్లు. తరవాత హఫ్, దగ్గు. దారి శుభ్రపడ్డాక చివర్లో స్టెరాయిడ్‌. కఫం మీద స్టెరాయిడ్ చల్లితే కళ్లెతో పాటు అదీ ఉమ్మిలో పోతుంది. చాలా ఇళ్లలో అన్నీ ఒకే కప్పులో కలిపేస్తారు. ఏవి కలపొచ్చో ఏవి కూడదో డాక్టరుని అడిగే చేయాలి.

ఉప్పునీళ్లతో ఒక ప్రమాదం ఉంది. 3 శాతమైనా 7 శాతమైనా కొందరిలో గొట్టాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్లలో. అందుకే మొదటి మోతాదు ఆసుపత్రిలో, ముందు సాల్బుటమాల్ ఇచ్చి, ఊపిరి కొలిచి చూశాకే ఇంటికి పంపాలి. అలా చూడకుండా చీటీ రాసిస్తే అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టర్లు ఉండొచ్చు, అయినా అడగండి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే కఫం విరగ్గొట్టే మందుకీ ఇదే ప్రమాదం. పైగా దానికి కుళ్లిన గుడ్ల వాసన. కఫం జబ్బుల్లో దాన్ని తుంపరగా ఇస్తే మేలన్న రుజువులు గట్టిగా లేవు.

పీల్చే తీరు గురించి నాలుగు ముక్కలు. కూర్చునే పీల్చాలి, భోజనం ముందో, తిన్న రెండు గంటలకో. పెద్దవాళ్లకి మాస్కు కన్నా నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ మేలు. మాస్కుతో సగం మందు ముక్కుకీ బుగ్గలకీ అంటుకుపోతుంది. ఇప్రాట్రోపియం కంటికి తగిలితే గ్లకోమా ఉన్నవాళ్లకి కన్ను నొప్పి, చూపు మసక రావచ్చు. కప్పు నిలువుగా ఉండాలి. చివర్లో చిటపటలాడుతూ తుంపర తెగిపోతుంటే కప్పు పక్కన వేలితో తట్టండి, అంచులకి అంటిన మందు దిగుతుంది. అప్పటికీ కాస్త అడుగున మిగులుతుంది, దాన్ని దాచుకోకుండా పారబోయాలి. స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మాలి, మొహం కడుక్కోవాలి. లేదంటే నాలుక మీద తెల్లటి పూత పడుతుంది. సాల్బుటమాల్ తరవాత కాసేపు చేతులు వణకడం, గుండె దడ మామూలే. తగ్గకుండా ఉంటే, ఛాతీ నొప్పి వస్తే మామూలు కాదు.

ఇక కప్పులో పోయకూడనివి. మన వంటింటి వైద్యానికి హద్దు లేదు కాబట్టి కాస్త గట్టిగానే చెప్పాలి. నీలగిరి తైలం, జిందా తిలిస్మాత్, అమృతాంజనం, పసుపు నీళ్లు, తులసి రసం, దగ్గు సిరప్, ఏదీ వద్దు. మరిగే నీళ్లలో రెండు చుక్కలేసి ఆవిరి పట్టడం వేరు. ఆ ఆవిరి ముక్కునీ గొంతునీ దాటి పెద్దగా లోపలికి పోదు. నెబులైజర్ దేన్నైనా ఊపిరితిత్తి అట్టడుగుకి చేరుస్తుంది, నూనె చేరితే న్యుమోనియా. అడ్డసరం ఆకు కషాయం ఇచ్చిన మన పెద్దలది తప్పు ఆలోచనేం కాదు. బ్రోమ్‌హెక్సిన్‌ని, దాని నుంచి వచ్చిన ఆంబ్రోక్సాల్‌ని ఆ మొక్కలోని వాసిసిన్ ఆధారంగానే తయారుచేశారు. ఆ మందులూ ఆ కషాయమూ తాగడానికి, పీల్చడానికి కాదు. 2021లో కరోనా రెండో అల నడుస్తున్నప్పుడు, మందు లేకుండా నెబులైజర్ పెట్టుకుంటే ఆక్సిజన్ సిలిండరుతో పనిలేదని ఒక వీడియో దేశమంతా తిరిగింది. గదిలో గాలినే తిరిగి ఇచ్చే పెట్టె ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇంట్లో కాచిన ఉప్పునీళ్లు, మినరల్ వాటర్ కూడా కూడదు. ఇంకో అలవాటు మరీ చెడ్డది. సెలైన్ సీసా ఒకటి కొని, రబ్బరు మూతకి సూది గుచ్చి, సిరంజితో రోజూ కాస్త లాగుతూ పదిహేను రోజులు వాడటం. అందులో క్రిములు పెరగకుండా ఆపే మందేమీ ఉండదు. ఒక పూటకి సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు దొరుకుతాయి, అవే కొనాలి, తెరిచింది ఆ పూటే వాడాలి.

శుభ్రత దగ్గర మా అత్తయ్యకీ బావకీ రోజూ గొడవ. ఆవిడ కొళాయి కింద ఒక్క తొలుపు తొలిచి మూత పెట్టేసేది. తడి కప్పు, మూసిన డబ్బా, మన ఉక్క. సూడోమోనాస్ అనే మొండి క్రిమికి ఇంతకన్నా ఏం కావాలి? బ్రాంకియెక్టాసిస్ రోగి ఊపిరితిత్తిలో అది ఒకసారి గూడు కట్టుకుంటే వదిలించడం మహా కష్టం. కఫం తీయడానికి తెచ్చిన మిషనే కఫం పెంచే క్రిమిని లోపలికి ఊదుతుందన్నమాట. పీల్చిన ప్రతిసారీ కప్పు విడదీసి నీళ్లతో కడిగి, విదిలించి, శుభ్రమైన బట్ట మీద గాలికి ఆరనివ్వాలి. రోజుకోసారి సబ్బునీళ్లు. మరిగించడానికి వీలైన రకం అని పుస్తకంలో రాసి ఉంటే అయిదు నిమిషాలు మరగబెట్టాలి. ఇడ్లీ కుక్కర్ ఖాళీ అయ్యాక అదే పొయ్యి మీద అయిపోయే పని. గొట్టాన్ని కడక్కూడదు. లోపల చెమ్మ కనిపిస్తే కప్పు తీసేసి మిషన్‌ని రెండు నిమిషాలు వట్టిగా నడిపితే ఆరిపోతుంది. పెట్టె పక్కన చిన్న బిళ్ల కింద తెల్లటి స్పాంజి ముక్క ఉంటుంది, గాలి వడకట్టేది. అది బూడిద రంగుకి తిరిగితే మార్చాలి. కొన్నవాళ్లలో చాలామందికి ఆ బిళ్ల తెరుచుకుంటుందనే తెలియదు. ఒకరి కప్పు, మాస్కు ఇంకొకరు వాడకూడదు. పక్కింటివాళ్ల పిల్లాడికి దగ్గొచ్చిందని ‘ఒక్కసారి మీ మిషనిస్తారా వదినా’ అని అడిగితే పెట్టె ఇవ్వండి, కప్పూ గొట్టం వాళ్లని కొనుక్కోమనండి.

ఆ మాటకొస్తే ఆ పిల్లాడికి నెబులైజర్ అక్కర్లేదేమో కూడా. జలుబుతో ముక్కు కారుతూ గురగురలాడే ప్రతి పసివాడికీ మాస్కు తగిలించడం మన చిన్న పట్టణాల్లో ఆనవాయితీ అయిపోయింది. రెండేళ్ల లోపు పిల్లల్లో వైరస్ వల్ల వచ్చే బ్రాంకియోలైటిస్‌కి సాల్బుటమాల్ ఇవ్వొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే స్పష్టంగా రాసింది. ఏడుస్తున్న పిల్లాడి మొహానికి దూరంగా మాస్కు పట్టుకుని ఊదితే మందు లోపలికి చేరేదీ అంతంత మాత్రమే. ఉబ్బసం ఉన్న పిల్లలకి స్పేసర్ అనే బోలు డబ్బా తగిలించిన ఇన్‌హేలర్ నెబులైజర్‌కి ఏ మాత్రం తీసిపోదని పరీక్షల్లో తేలింది. కరెంటు అక్కర్లేదు, నిమిషంలో అయిపోతుంది. అయినా ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అని భయపడి, అదే మందుని అంతకన్నా ఎక్కువ మోతాదులో నెబులైజర్‌తో పెట్టించే తల్లిదండ్రులున్నారు. అలవాటు చేసే మందు కాదిది. ఇన్‌హేలర్ కూడా ఒక పిల్ల పుణ్యమే. అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురు, పదమూడేళ్ల ఉబ్బసం రోగి, తన మందు జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా ఎందుకుండకూడదని అడిగింది. 1956కల్లా మార్కెట్లోకి వచ్చేసింది.

పాలు, పెరుగు కఫం పెంచుతాయని మానేసే పెద్దవాళ్లు చాలామంది. పాలు ఉమ్మితో కలిసి గొంతులో చిక్కగా తోచడం నిజమే, ఊపిరితిత్తుల్లో కఫం మాత్రం అందువల్ల పెరగదు. అసలే బక్కచిక్కిన బ్రాంకియెక్టాసిస్ మనిషికి ఆ పెరుగన్నం తీసేయడం అన్యాయం. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉండకపోతే నీళ్లు బాగా తాగండి. రోజూ కాస్త నడవండి, నడకా కఫాన్ని కదుపుతుంది.

మా అత్తయ్య ఇప్పుడు పొద్దున్నే కుర్చీలో కూర్చుని ‘హా’ అంటుంటే మనవలు వెనక నిలబడి వంత పాడతారు. కళ్లె ఆగిపోలేదు, ఆగదు కూడా. పొద్దున ఒకేసారి వచ్చేసి పగలంతా తెరిపిగా ఉంటోంది. పెళ్లిళ్లకి వెళ్తోంది.

మిషన్ చేతిలో ఉందన్న ధైర్యంతో ఆగిపోకూడని సందర్భాలు కొన్నున్నాయి. కళ్లె రంగు తెలుపు నుంచి పసుపుకో ఆకుపచ్చకో మారి, ఎక్కువై, జ్వరం తోడైతే అది యాంటీబయాటిక్ అవసరమా అని డాక్టరు చూడాల్సిన సంగతి. కళ్లెతో పరీక్ష చేయించి మందు ఎంచుకోవాలి, షాపులో అడిగి కాదు. రక్తం చార కనిపించినా అదే రోజు చూపించుకోవాలి. గుక్కెడు రక్తం పడినా, మాట్లాడలేనంత ఆయాసమొచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సీమీటరు అంకె ఎప్పుడూ ఉండేదానికన్నా పడిపోయినా, నెబులైజర్ పెట్టిన గంటకే మళ్లీ పెట్టాల్సి వచ్చినా రెండో మందు గొట్టం తెరవకుండా ముందు 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా మనిషిని పడుకోబెట్టకండి, ముందుకి వంగి కూర్చోనివ్వండి. వాడుతున్న మందుల చీటీ, ఖాళీ గొట్టం ఒకటి చేతిలో పెట్టి పంపండి. లోపలికి పోయింది ఏ మందో అక్కడ మొదట అడిగేది అదే.